దొరసాని ఏడవలేదు

ఈ సంగతి రాసి పెట్టడానికి కారణం ఒకటే. షార్జా, అజ్మాన్, దుబాయ్ ఇళ్లల్లో పనిచేసే మా గోదావరి వైపు ఆడవాళ్ల ఫోన్లలో నా గొంతుతో ఒక ఇంగ్లీషు నవల తిరుగుతోంది. ఎవరో దాన్ని కువైట్‌కి పంపారు. అక్కణ్ణుంచి మస్కట్ కూడా వెళ్లిందట. మొన్నీమధ్య షార్జాలోని రోలాలో కూరగాయల దుకాణం దగ్గర నేను బెండకాయలు ఏరుతూ మాట్లాడుతుంటే, పక్కనున్న ఒకావిడ నా గొంతు గుర్తుపట్టి, "దొరసాని కథ చెప్పింది మీరేనాండీ?" అని అడిగింది. నాకు సంతోషమే అయింది. కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. "చెల్లెలు పోయినప్పుడు దొరసాని ఏడ్చిన ఏడుపుందే, అది విని మా గదిలో నలుగురం అన్నం మానేశామండీ," అంది.

ఆ నవలలో దొరసాని ఏడవదు. ఆవిణ్ణి ఏడిపించింది నేను.

తర్వాత తప్పు దిద్దుకుని మళ్లీ చెప్పాను. కానీ అబద్ధం సముద్రం దాటాక నిజం బయల్దేరింది. ఆ అబద్ధం వల్ల ఒక తల్లికీ కూతురికీ మధ్య అప్పుడప్పుడే పడుతున్న కాలిబాట మూసుకుపోబోయింది కూడా. అందుకని గొంతుతో చేసిన తప్పుకి కాగితం మీద సవరణ రాస్తున్నాను.

నేను పదో తరగతి రెండోసారికి పాసయ్యాను. ఇంగ్లీషులో వచ్చిన మార్కులు ఇప్పుడు చెప్పను. షార్జాలో ఒక ఈజిప్టు వాళ్ల ఇంట్లో పని. మేడమ్ బడిలో టీచరు, ఇద్దరు ఆడపిల్లలు. కరోనా తగ్గి గ్రంథాలయాలు మళ్లీ తెరిచాక, శనివారాలు పిల్లల్ని అక్కడ కథల గంటకి తీసుకెళ్లడం నా పనుల్లో ఒకటయింది. మాస్కు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, గంటసేపు గోడ పక్కన కుర్చీలో కూర్చునేదాన్ని. నాలుగో వారం అక్కడ పనిచేసే మలయాళీ ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఖాలీ క్యూఁ బైఠీ హో? కుచ్ పఢో నా," అంది. చదవడం రాదనుకుంటుందేమోనన్న పౌరుషంతో దగ్గర్లో ఉన్న పుస్తకం తీశాను. అందులో ఒక ఎలుగుబంటి, దానికి ఒక టోపీ. మొత్తం అర్థమైంది. ఆ రోజు నుంచి వదల్లేదు.

ఆరు నెలలు పిల్లల అలమరల దగ్గరే ఉన్నాను. తర్వాత కుర్రకారు చదివేవి. ఆ తర్వాత పెద్దవాళ్ల అలమర. తెలియని మాటలు రాసుకోవడానికి మేడమ్ పాత డైరీలు ఇచ్చింది. ఇప్పటికి నాలుగు నిండాయి. ఎవరూ పాఠం చెప్పకుండా నేను నేర్చుకున్న చదువు ఇది, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. విక్టోరియా రాణి కాలంలో నవలని మూడు సంపుటాలుగా వేసేవాళ్లనీ, అద్దె గ్రంథాలయాల్లో ఒక సంపుటం ఒకరింట్లో ఉంటే రెండోది ఇంకొకరింట్లో ఉండేదనీ, జనం తమ వంతు కోసం కాచుకునేవాళ్లనీ నాకు తెలుసు. ఇంట్లో చావు జరిగితే ఎన్నాళ్లు నలుపు కట్టాలి, ఎప్పుడు బూడిద రంగులోకి మారొచ్చు అన్నది కూడా తెలుసు. ఇదంతా శనివారం గంటల్లో సంపాదించుకున్నదే.

ఆ నవల పేరు ఇక్కడ రాయను. లావు పుస్తకం, వెనక అట్ట ఊడిపోయింది, నాకు ముందు దాన్ని ఎవరూ తీసుకెళ్లిన గుర్తు లేదు. కథ ఇంగ్లండు ఉత్తరాన, కాగితం మిల్లు ఉన్న ఒక ఊళ్లో జరుగుతుంది. మిల్లు యజమానికి భార్య లేదు, ఇద్దరు కూతుళ్లు. పెద్దామె, అంటే మా దొరసాని, పధ్నాలుగేళ్లకే ఇంటి తాళాలు నడుముకి కట్టుకుని చెల్లెల్ని పెంచుతుంది. ముద్దు చేయదు, పొగడదు, కన్నీళ్లు పెట్టుకోదు. బల్ల గుడ్డ మడతపెడితే నాలుగు మూలలూ కలిశాయో లేదో చూసుకుంటుంది. ఒకాయన పెళ్లాడతానని మోకాళ్ల మీద కూర్చుంటే, "నేల చల్లగా ఉంది, లేవండి," అంటుంది. పుస్తకానికి ముందుమాట రాసిన ప్రొఫెసరు ఆవిణ్ణి మంచుగడ్డతో పోల్చాడు. నేనూ ఆయనతో ఏకీభవించి, డైరీలో ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాను.

సెలవు రోజు కలుసుకోవడానికి మేం కొందరం రోలాలో ఒక గది పెట్టుకున్నాం. చేపల పులుసు, కబుర్లు, కాసేపు నిద్ర, చీకటి పడకముందే ఎవరి ఇళ్లకి వాళ్లు. అందులో ముఖ్యమైన మనిషి పాలకొల్లు పిన్ని. వరసకి పిన్ని కాదు, పిలుపుకి పిన్ని. అజ్మాన్‌లో ఒక పెద్ద అరబ్బు కుటుంబంలో బట్టల పని ఆవిడది. ఉతకడం, ఇస్త్రీ, అలమరల్లో సర్దడం. పదకొండేళ్లుగా అదే ఇల్లు. ఆ ఇంటి మగవాళ్లు వేసుకునే పొడుగాటి తెల్ల అంగీలకి, కందూరాలకి, ఆవిడ తీసిన మడత చూస్తే గీత గీసి తీసినట్టుంటుంది. రెండో మనిషి కడప ఆపా. వంటమనిషి. నోరు ఆవిడది, నవ్వు మాది.

ఒక సెలవు రోజు నేను కథ మొదలుపెట్టాను. సగంలోనే బస్సు టైమయింది.

"ఖలాస్? అంతేనా?" అంది కడప ఆపా. "అట్ల యాడ ఇడ్సిపెట్టి పోతావమ్మే? ఆ మోకాళ్లాయన లేసినాడా లేదా?"

"మిగతాది వాయిస్ పెట్టవే," అంది పాలకొల్లు పిన్ని. "ఇస్త్రీ చేసుకుంటా వింటాను."

అలా మొదలయింది. పొద్దున్న పిల్లలు బడికి వెళ్లాక, బాల్కనీలో బట్టలు ఆరేస్తూ మా వాట్సాప్ గ్రూపులో పది నిమిషాలు చెప్పేదాన్ని. వినేవాళ్లు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాళ్లు. రెండో చెవి మేడమ్ పిలుపు కోసం. కథ చెప్పేటప్పుడు ఎవరో ఒకరు ఊ కొట్టకపోతే కథ సాగదని మా వైపు పట్టింపు. చిన్నప్పుడు ఊ ఆగిపోతే పిల్లలు నిద్రపోయారని మా నానమ్మ కథ ఆపేసేది. వాయిస్‌కి ఊ కొట్టడం ఎలా? పాలకొల్లు పిన్నే దారి కనిపెట్టింది. విన్నాక ఒక్క సెకను వాయిస్ పెట్టేది: "ఊ." అంతే. అది చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి నా ఫోన్లో పది, పదిహేను ఊలు వరసగా ఉండేవి. ఒకరి ఊ వెనక మిక్సీ చప్పుడు, ఒకరి ఊ వెనక పసిపిల్ల ఏడుపు, పిన్ని ఊ వెనక ఆవిరి ఇస్త్రీ పెట్టె బుస్సుమనడం. పది ఊలు వచ్చేదాకా రెండో భాగం పెట్టేదాన్ని కాదు.

దొరసాని చెల్లెలు సంగీతం నేర్పే మాస్టారితో వెళ్లిపోతుంది. ఏడేళ్లు ఉత్తరం ముక్క ఉండదు. ఏడో ఏట ఒక సాయంత్రం, జోరువానలో, ఒంటరిగా తిరిగి వస్తుంది. తలుపు తీసిన దొరసాని చెల్లెల్ని కింది నుంచి పైకి చూసి అనే మొదటి మాట: "నీ బూట్లు తడిశాయి. విప్పు."

ఆ భాగం పెట్టిన రోజు ఊలు రాలేదు, తిట్లు వచ్చాయి. ఆ వారం గదిలో కూడా అదే గొడవ.

"అదేం మనిషమ్మే," అంది కడప ఆపా. "గుండెకాయుండే తావులో డీప్ ఫ్రీజర్ పెట్టుకునిందా? ఏడేండ్లకి వచ్చినాది బిడ్డ. బూట్లంట, బూట్లు!" అంతలో ఆవిడకి ఏదో గుర్తొచ్చి పకపకా నవ్వింది. "అయినా మనకి కొత్తేముంది లే. మన పాలకొల్లామె కూడా అంతే గదా! కూతురు ఉరుక్కుంటా వస్తే ట్రాలీ యాడ అని అడిగినాది!"

అందరం నవ్వాం. ఆ కథ మాకందరికీ తెలుసు. కరోనా వల్ల నాలుగేళ్లు ఇంటికి వెళ్లలేకపోయిన పిన్ని, 2022లో సెలవు మీద వెళ్లింది. కూతురు విమానాశ్రయం బయట ఎదురుచూస్తోంది. వదిలి వచ్చినప్పుడు లంగా ఓణీ పిల్ల, ఇప్పుడు భీమవరంలో బట్టల షాపులో బిల్లులు కొట్టే ఉద్యోగస్తురాలు. తల్లి కనబడగానే "అమ్మా" అని చేతులు చాపి పరిగెత్తుకొచ్చింది. పిన్ని ఒక అడుగు వెనక్కి వేసి, "ట్రాలీ తెచ్చావా?" అంది. పిల్ల అక్కడే ఆగిపోయింది. ఇంటికి వెళ్లేదాకా కారులో డ్రైవరు పక్కన కూర్చుంది.

పిన్ని మాతోపాటు నవ్వింది. నవ్వుతూనే చేపల మీద ఉప్పు వేసి రుద్దుతోంది. నేను అప్పుడు గమనించనిది ఒకటుంది. ఆ సెలవు తర్వాత కూతురు ఫోనులో మాట్లాడే మాటలు మూడు: తిన్నాను, బాగున్నాను, ఉంటాను. చిన్నప్పట్నుంచీ పెంచిన పెద్దమ్మ దగ్గర, "మా అమ్మకి నేనంటే ఏమీ లేదు పెద్దమ్మా, నన్ను చూసి సామాన్లు గుర్తొచ్చాయి," అందట. పిన్ని మళ్లీ సెలవుకి వెళ్లాల్సింది 2024 మేలో. "నేను రాను, కారు మాట్లాడి పంపిస్తాను," అని కూతురు ముందే చెప్పేసింది.

ఇంకోటి కూడా నాకు అప్పుడు తెలియదు. పిన్ని నా వాయిస్‌లన్నీ కూతురికి పంపుతోంది. తనంతట తాను ఒక్క ముక్క కూడా రాయకుండా, ఉన్నదున్నట్టు. మొదట్లో పిల్ల పట్టించుకోలేదు. ఏడో భాగానికో ఎనిమిదో భాగానికో భీమవరం నుంచి ఒక్క సెకను వాయిస్ వచ్చింది: "ఊ." బూట్ల భాగానికి ఊతో పాటు, "ఈవిడెవరో నీలాగే ఉందే," అని కూడా వచ్చింది. తిట్టో నవ్వో పిన్నికి తెలియలేదు. కానీ మూడు మాటల పిల్ల నాలుగో మాట ఆడింది. అప్పట్నుంచి రోజూ ఊ వచ్చేది. నా కథ మీద ఏం ఆధారపడి ఉందో నాకు తెలియకుండానే నేను కథ చెబుతూ పోయాను.

తిరిగొచ్చిన చెల్లెలికి అప్పటికే జబ్బు. మూడో సంపుటంలో ఆమె చనిపోతుంది. గ్రూపులో పందేలు మొదలయ్యాయి. ఇప్పుడైనా ఏడుస్తుందా? "ఏడవకపోతే నేను ఈ గ్రూపులో ఉండను, చెబుతున్నా," అని రాజోలు నుంచి వచ్చిన కొత్త పిల్ల బెదిరించింది.

నేను శనివారం ఆ అధ్యాయం చదివాను. సాయంత్రం అయిదింటికి చెల్లెలు కన్నుమూస్తుంది. దొరసాని కిటికీ మూస్తుంది. చెల్లెలి కాళ్ల దగ్గరున్న దుప్పటి తీసి నాలుగు మూలలూ కలిపి మడతపెడుతుంది. కిందికి దిగి వంటమనిషితో, "పొయ్యి మీద సూపు మాడుతోంది, దించు," అంటుంది. అధ్యాయం అయిపోయింది. పేజీలు అతుక్కున్నాయేమోనని వేలితో తడిమి చూశాను. అతుక్కోలేదు.

నాకు కోపం వచ్చింది. ఇన్ని నెలలు ఇంతమంది చేత ఊ కొట్టించుకుని, వాళ్లకి చివరికి సూపు పెట్టనా? మా నానమ్మ శోకం పెడితే పక్క ఊరి వాళ్లు కూడా కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆ విద్య నాకు కొంచెం అబ్బింది. సోమవారం పొద్దున్న పదకొండింటికి, వాషింగ్ మెషీన్ తిరుగుతుండగా, దొరసానిని చెల్లెలి మీద పడేశాను. "నా తల్లీ, నిన్నెత్తుకు పెంచానే, నా చేతుల మీదే పోయావా, ఏడేళ్లూ నీ కోసం గుమ్మం చూశానే" అని రాగం తీశాను. ఇంగ్లండు దొరసాని నోట కోనసీమ శోకం. చెబుతూ చెబుతూ నాకే ఏడుపొచ్చింది, దాన్నీ రికార్డులో ఉంచేశాను.

ఆ రోజు వచ్చినన్ని ఊలు ఎప్పుడూ రాలేదు. ముక్కు చీదుళ్లు, వెక్కిళ్లు. రాజోలు పిల్ల గ్రూపులోనే ఉంటానంది. "నీ పాడుగాను, మా అరబ్బు బాబా కూర మాడిపోయినాది నీవల్ల," అని కడప ఆపా మెచ్చుకుంది. నేను పొంగిపోయాను. సాయంత్రం లెక్క చూసుకుంటే ఒక ఊ తక్కువ. ఇస్త్రీ పెట్టె బుస్సు లేదు.

వారం రోజులు ఎదురుచూశాను. సెలవు రోజు గదికి వెళ్లేసరికి మిగతావాళ్లు ఇంకా రాలేదు. పిన్ని ఒక్కతే చాప మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది.

"ఊ పెట్టలేదేంటి పిన్నీ?"

"పుస్తకంలో అలాగే ఉందా?"

"అలాగే ఉంది."

"నా మొహం చూసి చెప్పవే."

చూశాను. వెంటనే తల దించేశాను.

"అనుకున్నా," అంది పిన్ని. "గుడ్డ మడతెట్టి మూలలు చూసుకునే మనిషని నువ్వే చెప్పావు కదే మొదట్లో. ఆ మనిషి అలా పడి దొర్లదు. దొర్లాలనుకున్నా ఒళ్లు వంగదు దానికి." చింతపండు పిప్పి తీసి పక్కన పెట్టింది. "అది సరే. బూట్లేం చేసింది?"

"ఏ బూట్లు?"

"ఏ బూట్లేంటే! వానలో వచ్చిన పిల్ల బూట్లు. తడిశాయి, విప్పమంది. విప్పింది. తర్వాత?"

"తర్వాత ఏముంటుంది పిన్నీ, లోపలికి తీసుకెళ్లింది."

"తోలు బూట్లు, నీళ్లు తాగి ఉంటాయి. అలా వదిలేస్తే పొద్దున్నకి బిగుసుకుపోతాయి, మళ్లీ కాలికెక్కవు. విప్పమన్న మనిషికి ఆ సంగతి తెలుసు, తెలుసు కాబట్టే విప్పమంది. ఆరబెట్టిందా లేదా? ఎక్కడ పెట్టింది? పుస్తకంలో లేకపోతే రాసినోడికి పని తెలీదు. ఉంటే నువ్వు ఎగ్గొట్టావు."

నిజమే. ఎగ్గొట్టాను. బూట్ల మాట తర్వాత రెండు పేజీలున్నాయి. నిండా తెలియని మాటలు, గిన్నెల పేర్లు, పొయ్యి భాగాల పేర్లు. ఇంటి వర్ణనే కదా అని తిప్పేశాను. దొరసాని కోసం ఒక డైరీ అంతా నింపినదాన్ని, ఆ రెండు పేజీలకి నిఘంటువు తెరవలేదు.

అప్పుడు పిన్ని చెంగుతో చేయి తుడుచుకుని ఫోను చూపించింది. కూతురి దగ్గర్నుంచి వచ్చిన మెసేజు. "చూశావా అమ్మా. చివరికి ఆవిడ కూడా ఏడ్చింది." దాని కింద ఇంకేమీ లేదు. ఆ తర్వాత పంపిన రెండు భాగాలకి ఊ లేదు.

"నేను ఏడుపు రానిదాన్ని కాదే," అంది పిన్ని మెల్లగా. "ఆ రోజు నా చేతుల్లో గాజు గిన్నెల పెట్టె ఉంది. ఓవెన్‌లో పెట్టేవి. మా పిల్ల కావాలని చిన్నప్పుడెప్పుడో ఎవరింట్లోనో చూసి అడిగింది. సామాన్లలో వేస్తే పగులుతాయని ఎనిమిది తువ్వాళ్లు చుట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. దిగేసరికి చేతులు మొద్దుబారిపోయాయి. లోపల ట్రాలీలు దొరకలేదు. అది పరిగెత్తుకుంటా మీద పడబోతోంది. పడితే గిన్నెలు పోతాయి. నోటికి ట్రాలీ వచ్చింది."

"ఆ ముక్క దానికి చెప్పలేదా?"

"ఏం చెప్పను? గిన్నెలు వాడుతోందిగా, పగల్లేదుగా." ఫోను పక్కన పెట్టి అంది: "ఇన్నేళ్లు ఇంకోళ్ల ఇంట్లో ఉన్నాం. వాళ్ల పిల్లల ముందు ఏడవకూడదు, వాళ్ల చుట్టాల ముందు ఏడవకూడదు. మా నాన్న పోయాడని కబురొచ్చిన పూట కూడా ఆ ఇంట్లో పెళ్లి బట్టలు ఇస్త్రీ చేశాను. మొహం అలా ఉండిపోయింది. నువ్వు నీ దొరసాని గురించి చెబుతుంటే, మా పిల్లకి వినిపిద్దాం అనుకున్నా. ఇలాంటి మనుషులు కూడా ఉంటారని దానికి తెలుస్తుందని. నువ్వు ఆ దొరసానినీ ఏడిపించి పెట్టావు."

పులుసు ఆ రోజు బాగా కుదిరింది. నేను తినలేకపోయాను.

శనివారం గ్రంథాలయానికి వెళ్లి ఆ రెండు పేజీల ముందు కూర్చున్నాను. మాటకి మాట నిఘంటువు చూశాను. దొరసాని చెల్లెల్ని పనిమనిషితో పైకి పంపి, బూట్లు తానే చేత్తో పట్టుకుని వంటగదిలోకి వెళ్తుంది. ముందు పొడిగుడ్డతో తుడుస్తుంది. తర్వాత డబ్బాలోంచి ఓట్స్ తీసి బూట్ల నిండా పోస్తుంది. ఓట్స్ అన్న మాట మూడుసార్లు చూశాను. రోజూ పొద్దున్న మేడమ్‌కి పాలల్లో ఉడికించి ఇచ్చేదాన్ని, అవేనా? మలయాళీ ఆవిణ్ణి అడిగాను. ఆవిడ కంప్యూటర్లో వెతికి, "హాఁ, వహీ ఓట్స్," అంది. పూర్వం తడి బూట్లలో ఎండు ఓట్స్ పోసేవాళ్లట, చెమ్మ పీల్చుకోవడానికి. దొరసాని పొయ్యికి మూరెడు దూరంలో పీట వేసుకుని కూర్చుంటుంది. మరీ దగ్గరైతే తోలు పగులుతుంది. ఉబ్బిన గింజలు తీసి పారేసి పొడివి పోస్తుంది. మళ్లీ తీసి మళ్లీ పోస్తుంది. వంటమనిషి, "అమ్మగారూ, నేను చూసుకుంటాను," అంటే, "నీకు కొలత తెలియదు," అంటుంది. రెండు పేజీలూ ఇదే. ఆవిడ మనసులో ఏముందో ఆ రచయిత ఒక్క మాట చెప్పడు. చెల్లెలు పోయాక ఆ బూట్లు ఏమయ్యాయో కూడా చెప్పడు. చివరిదాకా వెతికాను.

ముందుమాట మళ్లీ తిరగేశాను. మంచుగడ్డ అని ఇన్ని పేజీలు రాసిన ప్రొఫెసరు బూట్ల గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆయన కూడా నాలాగే ఆ రెండు పేజీలు తిప్పేసి ఉంటాడు. డైరీలో రెండు గీతలు కొట్టేశాను.

ఆ ఏప్రిల్‌లోనే పెద్ద వాన పడింది. ఇక్కడున్నవాళ్లకి ఆ వాన గురించి చెప్పక్కర్లేదు, రోడ్లు రోజుల తరబడి చెరువుల్లా ఉన్నాయి. పిల్లల బడి బూట్లు మోకాలి లోతు నీళ్లలో నాని వచ్చాయి. నేను డబ్బా తీసి ఓట్స్ పోశాను. మేడమ్ చూసి, "వాట్ ఈజ్ దిస్? బ్రేక్‌ఫాస్ట్ ఫర్ షూస్?" అని గట్టిగా నవ్వింది. నవల సంగతి చెప్పాను. ఆవిడ నవ్వాపి ఇంకో ప్యాకెట్టు తెచ్చిచ్చింది. రెండు రోజుల్లో ఆరాయి. కొంచెం పులిసిన వాసన వేశాయి, అది నవలలో లేదు.

తర్వాతి పొద్దున్న వాయిస్ పెట్టాను. ముందు తప్పు ఒప్పుకున్నాను. శోకం నాది, దొరసానిది కాదని చెప్పాను. తర్వాత బూట్ల పేజీలు మాటకి మాట తెలుగులో చెప్పాను, రచయిత ఆగిన చోట నేనూ ఆగాను. చివర చావు అధ్యాయం, ఉన్నది ఉన్నట్టు. కిటికీ, దుప్పటి, సూపు.

రాజోలు పిల్ల గ్రూపు వదిలి వెళ్లిపోయింది. "ఏమ్మే," అని కడప ఆపా వాయిస్ పెట్టింది, "మాకు ఏడుపు అలవాటు చేసి ఇప్పుడు గుంజుకుంటాండావే? పాతదే బాగుండె." అరగంట తర్వాత ఆవిడే మళ్లీ పెట్టింది: "ఆ వోట్సు మార్చి మార్చి పోసేది మాత్రం... సరేలే. మా యమ్మ కూడా కసురుకుంటానే కడుపు నిండా పెట్టేది." మధ్యాహ్నం దాటాక పాలకొల్లు పిన్ని దగ్గర్నుంచి ఒక్క సెకను. వెనక బుస్సు. "ఊ."

పిన్ని నా కొత్త వాయిస్‌ని కూతురికి పంపింది. ట్రాలీ సంగతి, గిన్నెల సంగతి కూడా చెప్పమని నేను బతిమాలాను. "నువ్వు చెప్పావుగా," అంది. భీమవరం నుంచి ఏమీ రాలేదు. వారం, రెండు వారాలు. మే నెల వచ్చేసింది. రోలా గదిలో పెట్టెలు సర్దేటప్పుడు పిన్ని ఈసారి గాజు వస్తువు ఒక్కటీ కొనలేదు. "కారు వస్తుందిలే," అంది, ఎవరూ అడక్కుండానే. సర్దిన పెట్టె మళ్లీ తీసి మళ్లీ సర్దింది.

వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం నాకు ఆవిడ వాయిస్ వచ్చింది. పిన్ని జీవితంలో పెట్టిన అతి పొడుగు వాయిస్ అదే, రెండు నిమిషాలు.

"ఏమే, చేరానే. ఈసారి లోపలే ట్రాలీ దొరికింది. పెట్టెలు ఎక్కించుకుని తోసుకుంటా బయటికొచ్చా. కారోడు బోర్డు పట్టుకుని ఉంటాడని చూస్తున్నా. చూస్తే ఇది నించుంది. ఎండలో. ఎక్కడ దొరికిందో ఖాళీ ట్రాలీ ఒకటి పట్టుకుని నించుంది. నన్ను చూసి పరిగెత్తలేదు, ఏం లేదు. మెల్లగా తోసుకుంటా వచ్చి 'ట్రాలీ తెచ్చానమ్మా' అంది. నా దగ్గర ఒకటుంది, దాని దగ్గర ఒకటి. రెండూ ఎదురూ బొదురూ. జనం తప్పుకోండి తప్పుకోండి అంటున్నారు."

"నువ్వేమన్నావు పిన్నీ?" అని నేను వెంటనే తిరుగు వాయిస్ పెట్టాను.

"ఏమంటాను? చెప్పులు తెగిపోయేలా ఉన్నాయి, మార్చుకోలేదేంటే అన్నాను."

వెనక ఎవరో నవ్వారు. కడుపారా నవ్వే ఆడపిల్ల నవ్వు. తర్వాత ఆ నవ్వే ఫోను దగ్గరికొచ్చి, "కథ చెప్పేది మీరేనాండీ? అక్కా, ఊ!" అంది.

ఇక మిగిలింది చెప్పాల్సిన వాళ్లకి చెప్పడం. అసలు పేర్లు రాయొద్దని అందరూ ఒట్టు పెట్టించారు, కాబట్టి ఇక్కడ మేం పిలుచుకునే పేర్లతోనే చెబుతాను. ఖాళీగా కూర్చోనివ్వని మలయాళీ మేడమ్‌కి. బూట్లకి బ్రేక్‌ఫాస్టు ఇచ్చిన ఈజిప్టు మేడమ్‌కి, కథల గంటలో నిద్రపోకుండా నాకు చదువుకునే టైమిచ్చిన ఇద్దరు పిల్లలకి. కూర మాడ్చుకున్న కడప ఆపాకి. గ్రూపు వదిలి, పదిరోజులకి మళ్లీ చేరి, "తర్వాత కథ ఎక్కడిదాకా వచ్చింది?" అనడిగిన రాజోలు చెల్లికి. శోకం నేర్పిన మా నానమ్మకి, ఆ విద్యని నేను వాడకూడని చోట వాడినందుకు క్షమాపణతో సహా. బూట్లేం చేసిందని అడిగిన పాలకొల్లు పిన్నికి. ఆవిడ ఆ ప్రశ్న అడక్కపోతే నేను ఈపాటికి ఇంకెందరు దొరసానుల్ని ఏడిపించేదాన్నో. ఎండలో ట్రాలీ పట్టుకుని నించున్న భీమవరం అమ్మాయికి.

ఇది చదివిన వాళ్ల ఫోన్లో ఆ పాత శోకం ఉంటే, దయచేసి తీసేయండి. బూట్ల భాగం అడిగితే పంపిస్తాను.